కాళ్ళు విప్పాక ఆట మాట ఎత్తకూడదు

లోకంలో రాజైనవాడు గుర్రమెక్కుతాడు. నా సంగతిలో గుర్రమే రాజునెక్కింది. దానికి కాళ్ళు లేవు కాబట్టి నా కాళ్ళు వాడుకుంది. దాని తలలో కాగితం గుజ్జు, జనపనార తప్ప ఏమీ లేవు కాబట్టి నా తలను కూడా వాడుకుందామనుకుంది. కాళ్ళ విషయం సరేగానీ, తల విషయంలో మాత్రం పాపం గుర్రమే మోసపోయింది.

నా పని పొయ్‌కాల్ గుర్రం ఆడటం. తమిళంలో ‘పొయ్‌కాల్’ అంటే అబద్ధపు కాలు. అటు ఆంధ్ర వైపు దీన్ని కీలుగుర్రం అంటారని విన్నాను. మోకాలి కింద కొయ్యకాళ్ళు పెట్టి, గుడ్డ పేలికలతో పిక్కలు తిమ్మిరెక్కేలా బిగిస్తాం. వెదురుతో కట్టిన గుర్రం బొమ్మను నడుం చుట్టూ పెట్టుకుని భుజాలకు తగిలించుకుంటాం. కొయ్యకాళ్ళు కనపడకుండా చుట్టూ జరీ అంచు గుడ్డ వేలాడుతుంది. దూరం నుంచి చూసేవాళ్ళకు రాజు గుర్రం మీద వస్తున్నట్టే ఉంటుంది. దగ్గర నుంచి చూసేవాళ్ళకు చెమట కనిపిస్తుంది.

కొయ్యకాళ్ళ మీద నడవొచ్చు, గెంతొచ్చు, తిరగొచ్చు. ఊరికే నిలబడటం మాత్రం కుదరదు. కింద మొన చాలా చిన్నది. నిలబడితే తూలి పడతాం. అందుకని ఆట ఆగినా కాళ్ళు ఆగవు. ఉన్నచోటనే కుడీ ఎడమా తొక్కుతూ ఉండాలి. పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకు తాత కారు దిగేదాకా తొక్కాలి. మీటింగులో నాయకుడి ప్రసంగం అయిపోయేదాకా తొక్కాలి. నా బతుకులో సగం ఎక్కడికీ పోకుండా నడవడంలోనే గడిచింది.

మాది ధర్మపురి పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నేను బడిని తొందరగా వదిలేశాను. బడి నన్ను అంతకంటే ముందే వదిలేసింది. అక్కడ చెప్పింది తమిళం. తెలుగు అక్షరాలు మా నాయనమ్మ ఇసకలో వేలు పట్టి దిద్దించింది, అందుకే నా రాత ఇప్పటికీ గాలికి చెదిరినట్టుంటుంది. తరగతిలో సారు లెక్క అడిగితే జవాబు రాక, ఏదో ఒకటి అని అందరినీ నవ్వించి కూర్చునేవాణ్ణి. బడిలో నేను నేర్చుకున్న విద్య అదొక్కటే. దాన్నే మూటగట్టుకుని ఆటలోకి తెచ్చుకున్నాను.

నా గుర్రం సకిలించేది. ఊరి పెద్ద తలపాగా వాసన చూసి తుమ్మేది. పెళ్ళికూతురి మేనమామ దగ్గరికి వెళ్ళి ‘గడ్డి ఉందా, కట్నంలో ఇచ్చేశారా’ అని అడిగేది. జనం గొల్లున నవ్వగానే, ఆ నవ్వుకే బెదిరినట్టు గుర్రంతో సహా పక్కకు ఎగిరి దూకేవాణ్ణి. మళ్ళీ నవ్వేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళలో నా పేరు ఎవరికీ తెలియదు. ‘ఆ దూకే గుర్రం ఆయన’ అంటే అందరికీ తెలుసు.

పక్కన రాణి గుర్రం ఉంటుంది. ఆ గుర్రం మా ఆవిడది. పెళ్ళయి వచ్చినప్పుడు ఆమెకు ఆట తెలియదు. మా మేళంలో అంతకుముందు రాణి కట్టినామె బెంగుళూరు వెళ్ళిపోతే, మా వాద్దియారు ఈమెకు నేర్పాడు. వాద్దియారు అంటే గురువు. తవిల్ అనే డోలు వాయించేది, బేరం కుదిర్చేది, తిట్టేది అన్నీ ఆయనే. రాజు ముందు నడవాలి, రాణి అతనికి కుడివైపున అరడుగు వెనక నడవాలి. రాజు వెనక్కి తిరిగి చూడకూడదు; చూడాలనుకున్నా నడుం చుట్టూ గుర్రం ఉన్నవాడు మెడ ఎంతవరకు తిప్పగలడు? అలా ఏళ్ళ తరబడి నేను మా ఆవిడ పక్కన ఆడాను గానీ, ఆమె ఆట ఒక్కసారీ చూడలేదు.

మా వాద్దియారుకు ఒక కట్టుబాటు ఉండేది. కొయ్యకాళ్ళు విప్పాక ఆ రోజు ఆట గురించి ఎవరూ నోరెత్తకూడదు. బాగుందనీ అనకూడదు, బాగాలేదనీ అనకూడదు. ఆయన కుర్రతనంలో ఉన్న మేళం ఒకటి, ఆట అయ్యాక విస్తళ్ళ ముందు కూర్చుని ‘నువ్వు తప్పావు’, ‘కాదు నువ్వే తప్పావు’ అనుకుంటూనే, సాంబారు చల్లారేలోపు రెండుగా చీలిపోయిందట. అందుకని ఈ చట్టం. మాకూ హాయిగానే ఉండేది. కాళ్ళు విప్పగానే తిండి, నిద్ర, పొద్దున మళ్ళీ బస్సు. ఎవరి తప్పు వాళ్ళు మూటలో చుట్టుకుని, మరుసటి ఊళ్ళో జాగ్రత్తగా విప్పుకుని మళ్ళీ చేసేవాళ్ళం.

నేను చెప్పబోయేది రెండు వేల అయిదు, ఆరు నాటి మాట. ఊళ్ళలో ఇంటింటికీ రంగు టీవీ వస్తున్న రోజులు. తిరునాళ్ళలో సినిమా పాటలకు ఆడేవాళ్ళ ట్రూపులు వచ్చేశాయి. మాకు మిగిలింది పెళ్ళి ఊరేగింపుల్లో ముందు భాగం, సర్కారు ప్రచారంలో వెనక భాగం. ఒక వారం నా గుర్రం మెడలో ‘మరుగుదొడ్డి కట్టుకోండి’ అని బోర్డు వేలాడేది, మరో వారం ‘ఆడపిల్లను కాపాడండి’ అని. ఎన్నికల్లో ఒకే రోజు పొద్దున ఒక జెండాకు, సాయంత్రం ఇంకో జెండాకు తొక్కాను. గుర్రానికి ఓటు లేదు కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. అలసట ఒంట్లోదేనని అప్పుడు అనుకునేవాణ్ణి. పొద్దున లేవగానే ఏ ఊరికి వెళ్ళాలో గుర్తుకు రాకముందే ఒళ్ళు ‘వద్దు’ అనేది. అయినా లేచేవాణ్ణి. కొయ్యకాళ్ళ సంచీ భుజాన వేసుకుంటే, ఎవరో చచ్చిన మనిషి కాళ్ళు మోసుకెళుతున్నట్టుండేది.

అప్పటికే కుడి మోకాలు మొండికేసింది. మెట్లు దిగేటప్పుడు లోపల ఏదో కిర్రుమనేది. పెద్దాసుపత్రికి వెళితే కుర్ర డాక్టరు మోకాలు నొక్కి చూశాడు.

‘‘ఈ కాలి మీదే ఎక్కువ దెబ్బ పడుతోంది. ఏం పని చేస్తారు?’’ అని తమిళంలో అడిగాడు.

‘‘రాజ్యభారం డాక్టర్’’ అన్నాను.

ఆయన నవ్వలేదు. మాత్రలు రాసిచ్చి, వెనకున్న మనిషిని పిలిచాడు. అడిగినదానికి నేను జవాబు చెప్పలేదని ఇంటికి వచ్చేదాకా నాకు తట్టలేదు. ఎప్పటిలాగే జవాబు తెలియని చోట నవ్వించబోయాను, అంతే. ఈసారి నవ్వు కూడా రాలేదు.

ఆ ఎండాకాలం చివర్లో మారండహళ్ళిలో ఒక అమ్మవారి ఊరేగింపు. వ్యాను దిగేసరికి మోకాలు కొబ్బరి బోండాంలా ఉబ్బింది. పేలిక చుట్టబోతే చుట్టు సరిపోలేదు. వాద్దియారు చూశాడు. మా బావమరిదిని పిలిచాడు. ఆ అబ్బాయి పాలక్కోడు సంతలో టమాటాల వ్యాపారం చేసేవాడు. తన పెళ్ళికి ముందు మా మేళంలో కొన్నాళ్ళు తిరిగి ఆట నేర్చుకుని, ‘టమాటా అయితే పాడయ్యేదాకా అన్నా మనిషిని నిలబడనిస్తుంది’ అని వెళ్ళిపోయినవాడు. అక్కను చూడటానికి ఆ రోజు అక్కడికి వచ్చి ఇరుక్కున్నాడు.

‘‘బావా, నాకి జోకులు రావు’’ అన్నాడు నా గుర్రంలో దూరుతూ.

‘‘భయపడొద్దు. నీ మొగం చూస్తేనే సాలు’’ అన్నాను.

వాళ్ళు ఊరేగింపు ముందుకు వెళ్ళారు. నేను కుంటుకుంటూ జనంలో ఒక కొట్టు అరుగు పట్టుకుని నిలబడ్డాను. ఎన్నో ఏళ్ళుగా జనాన్ని చూసినవాణ్ణే గానీ, జనంలో నిలబడి చూసినవాణ్ణి కాదు. అక్కడి నుంచి తవిల్ మోత వేరుగా వినిపించింది. బావమరిది టమాటా గంప తలమీద పెట్టుకున్నట్టే నడిచాడు. కుడికి ఒంగడు, ఎడమకు ఒంగడు, నవ్వడు, నవ్వించడు. ఇంకాసేపట్లో జనం చెదిరిపోతారనుకున్నాను. నిజం చెప్పాలంటే, చెదిరిపోవాలనే కోరుకున్నాను.

అప్పుడు రాణి తిరిగింది.

తిరగడమంటే ఇదివరకు నాకు తెలిసిన తిరగడం కాదు. కొయ్యకాళ్ళ మీద మొదలుపెట్టి, ఆగకుండా, గుర్రం మెడ ఒక సుడిలో ఊరంతా చుట్టి వచ్చింది. జరీ అంచు గుడ్డ గొడుగులా విచ్చుకుంది. తవిల్ దెబ్బ పడేసరికి సరిగ్గా మొదలుపెట్టిన చోటికి వచ్చి, ఏమీ జరగనట్టు తొక్కుతోంది. మళ్ళీ కొంచెం దూరం పోయి మళ్ళీ తిరిగింది. ఆ మొహం నేను రోజూ పొయ్యి దగ్గర చూసే మొహమే. కాకపోతే ఈ మొహంలో కంగారు లేదు.

నా పక్కన ఒకామె వేరుసెనగలు ఒలుచుకు తింటూ చూస్తోంది. తమిళంలో నన్నే అడిగింది.

‘‘ఏం అన్నా, ఈ రాణి కొత్తదా? మునుపు ఒకామె వచ్చేది. పావం, సగం తిరిగి నిలబడిపోయేది. కాలు బాగాలేని ఆమె అనుకుంటా ఉంటిని.’’

‘‘రాణి పాతదే అక్కా. రాజు కొత్తవాడు’’ అన్నాను.

‘‘అట్లనా! మునుపటి రాజు ఏమయినాడు?’’

‘‘కాలు బాగాలేనిది ఆయనకే.’’

ఆమె ఉబ్బిన నా మోకాలి వైపు చూసింది, నా మొహం చూసింది. పిడికెడు వేరుసెనగలు నా చేతిలో పోసింది. నా కళకు ఊళ్ళో వాళ్ళు ఎన్నో ఇచ్చారు, శాలువాలు కూడా కప్పారు. జాలిపడి పల్లీలు పెట్టింది ఆమె ఒక్కతే.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ఎవరూ మాట్లాడలేదు. చట్టం సంగతి అందరికీ తెలుసు. పొద్దు కుంకుతోంది. నేను మా ఆవిడ చెవి దగ్గరికి వంగాను.

‘‘ఏమే, ఆ తిరుగుడు నువ్వు ఎప్పుడు నేర్చినావు?’’

‘‘కాళ్ళు ఇప్పినాము’’ అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ముందు సీట్లోంచి వాద్దియారు గొంతు వచ్చింది. ‘‘ఆట మాట కాదు, పని మాట చెప్తా ఉండాను. ఆడి పద్దెనిమిదికి హొగేనక్కల్‌లో మనది రెండు సుట్లు. మొదటి సుట్టు నువ్వు కట్టు. మోకాలు కానీ ఆట కానీ ఇట్లే ఉంటే రెండో సుట్టు నీ బావమరిది కడతాడు. ఆ పైన ఎప్పటికీ వాడే. నువ్వు తాళం తీసుకో.’’

ఆడి పద్దెనిమిది అంటే ఆడి నెలలో కావేరికి చేసే పండగ. తాళమంటే కంచు తాళాలు. మా మేళంలో కాళ్ళు పోయినవాళ్ళకు ఇచ్చే ఉద్యోగం. ఒక మూల నిలబడి టింగు టింగుమని కొడుతూ, ఆడేవాళ్ళ నడుముల వైపు చూస్తూ ముసలైపోవడం.

‘‘వాద్దియారే, తాళం కూడా నేను బాగానే కొడతాను’’ అన్నాను. ఎవరూ నవ్వలేదు. వ్యాను గతుకులో పడి లేచింది.

బావమరిది మాత్రం నాకంటే ఎక్కువ బెంగపడ్డాడు. ‘‘బావా, నువ్వు ఎట్లయినా బాగుపడు. సీజన్‌లో నాకి సంత ఉండాది’’ అన్నాడు.

ఇంటికి వచ్చాక రెండు మూడుసార్లు ఆమెను అడిగి చూశాను. అన్నం పెడుతూ ‘‘కాళ్ళు ఇప్పినావు కదా’’ అనేది. నీళ్ళు తోడుతూ అదే మాట. మొదట పంతమనుకున్నాను. తరవాత అర్థమైంది, ఆమె నిజంగానే చట్టం పాటిస్తోంది. వాద్దియారు నేర్పినదాన్ని నేర్పినట్టు చేసిన ఒకే ఒక్క శిష్యురాలు మా ఇంట్లోనే ఉంది.

మోకాలి వాపు తగ్గేదాకా ఆగాను. ఇంటి వెనక రాగులు ఎండబోసే నల్లరాతి బండ ఉంది. ఒక పొద్దున కొయ్యకాళ్ళు కట్టుకుని ఆ బండ మీదికి వెళ్ళాను. గుర్రం లేదు, కిరీటం లేదు. లుంగీ ఎగ్గట్టి, చేలో దిష్టిబొమ్మకు ప్రాణం వచ్చినట్టున్నాను. ఆమె చాటలో రాగులు చెరుగుతోంది.

‘‘ఏమే, ఇట్ల చూడు. కాళ్ళు కట్టి ఉండాయి. ఇంక సట్టం అడ్డం రాదు. చెప్పు.’’

‘‘ఏమి చెప్పేది?’’

‘‘మారండహళ్ళిలో తిరిగినావే, నాతో ఏల అట్ల తిరగవు?’’

చాటలోని పొట్టు ఊదింది. నేను తొక్కుతున్నాను.

‘‘నీకి నిజంగా తెలీదా?’’

‘‘తెలిస్తే ఈ ఎండలో కొంగ మాదిరి ఏల తొక్కుతా ఉంటాను?’’

‘‘సరి. కూట్టంలో జనం నవ్వుతానే నువ్వు ఏ పక్కకి దూకుతావు?’’

‘‘కుడిపక్కకి.’’

‘‘కుడిపక్క ఎవరు ఉండారు?’’

కాళ్ళు తొక్కుతూనే ఉన్నాయి. నోరు మాత్రం ఆగిపోయింది. నాకు అలా జరగడం అరుదు.

‘‘నేను తిరుగుడు ఎత్తుకుంటాను. సగంలో నీ గుర్రం తోక నా మొగం మీదికి వస్తాది. కాలు ఊనితే ఇద్దరమూ పడతాము. అందుకే ఆడనే తెంచేసి తొక్కుకుంటా నిలబడతాను. నువ్వు ఎప్పుడు దూకుతావో నాకేం తెలుసు? వాళ్ళు ఎప్పుడు నవ్వుతారో నాకేం తెలుసు? ఇంక ఎందుకులే అని, సగం తిరిగేదే నా ఆట అని పెట్టుకుంటిని.’’

‘‘ఇన్నేండ్లలో ఒక్క మాట చెప్పుంటే?’’

‘‘ఎప్పుడు చెప్పేది? కాళ్ళు కట్టుకుంటే తవిల్ మోత. కాళ్ళు ఇప్పితే సట్టం.’’

చాట ఎత్తి రాగులను ఒక పక్కకు దులిపింది.

‘‘ఇంకేమన్నా ఉండాదా?’’ అని అడిగాను.

‘‘ఉండాది. ఈ పొద్దుకి ఇది సాలు. నీ మోకాలు వణుకుతా ఉండాది’’ అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక బండ మీద ఒక్కణ్ణే ఒక దూకు దూకి చూసుకున్నాను. గాలిలోకి లేచి కుడివైపు పడ్డాను, బరువంతా కుడి మోకాలి మీద దిగింది. లోపల కిర్రుమంది. కుర్ర డాక్టరు అడిగిన ప్రశ్నకు జవాబు అప్పుడు దొరికింది. ఆమె తిరుగుడును తెంచినదీ, నా మోకాలిని తిన్నదీ ఒకటే. అదే నా పేరు. ‘దూకే గుర్రం ఆయన.’

దూకడం మానెయ్యడం ఏముంది, దూకకుంటే సరిపోయె అనుకున్నాను. అది దూకడం కంటే కష్టమని మర్నాడే తెలిసింది. నవ్వు వినపడగానే నా ఆలోచనతో పని లేకుండా తొడ బిగుసుకునేది. ఇంట్లో ఎవరో ఏదో అని నవ్వినా, కూర్చున్న చోటే కుడి తుంటి లేచేది. నవ్వుకు ఇంత కట్టుబానిసగా ఉన్నానని నాకు తెలియదు.

దీనికి మందు బావమరిది చేతిలో ఉంది. సంత లేని రోజుల్లో వాణ్ణి పిలిపించి బండ పక్కన కూర్చోబెట్టాను.

‘‘నేను తొక్కుతా ఉంటాను. నువ్వు మధ్యమధ్యలో గట్టిగా నవ్వాలి. ఎప్పుడనేది నాకి తెలియకూడదు.’’

‘‘ఏమి చూసి నవ్వేది బావా?’’

‘‘నన్ను చూసి.’’

‘‘నిన్ను చూస్తే ఏడుపు వస్తా ఉండాది.’’

అయినా నవ్వాడు. పాపం వాడికి నవ్వడం రాదు. ‘హహ్హహ్హా’ అని బండిని తోసినట్టు నవ్వేవాడు. నేను ఎగరబోయి, ఆపుకుని, తూలి, మళ్ళీ తొక్కేవాణ్ణి. పక్క చేలో నీళ్ళు కట్టేవాళ్ళు నుదుటికి చేతులు అడ్డం పెట్టుకుని మావైపు చూసేవాళ్ళు. ఒకడు కొయ్యకాళ్ళ మీద చెమటలు కక్కుతూ తొక్కుతున్నాడు, ఇంకొకడు వాణ్ణి చూసి ఉన్నట్టుండి పగలబడి నవ్వుతున్నాడు, ఒకామె ఇద్దరినీ పట్టించుకోకుండా రాగులు చెరుగుతోంది. ఆ ఇంటికి ఏదో పట్టిందని ఊళ్ళో అనుకున్నారట.

రోజూ సాధన అయ్యాక, కాళ్ళు విప్పకముందు ఆమెను ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. ఆమె ఒక మాట చెప్పేది. ‘తల ముందరికి పెడతావు, గుర్రం మేస్తా ఉన్నట్టు ఉండాది.’ ‘తవిల్ వినకుండా మనుషుల మొగాలు వింటా ఉండావు.’ ఒక్కొక్క మాటకూ నాలుక చివరన ఎదురు జవాబు తయారుగా ఉండేది. తొక్కుతున్నవాడికి అంత ఊపిరి ఎక్కడిది? అందుకని మింగేవాణ్ణి. అలా మింగినవన్నీ నెమ్మదిగా కాళ్ళలోకి దిగాయి. అడుగు చిన్నదైంది. చిన్నదైనకొద్దీ మోకాలు గొణగడం తగ్గించింది. ఏదో గొప్ప సాధించానని ఉత్సాహం లేదు. ఇంత వయసొచ్చాక మళ్ళీ నడక నేర్చుకోవడంలో ఒక నీరసం ఉంటుంది. ఇదివరకు నడిచిందంతా ఏమిటి మరి అనిపిస్తుంది. ఆ ప్రశ్నతోనే పడుకునేవాణ్ణి, ఆ ప్రశ్నతోనే లేచేవాణ్ణి.

ఒకరోజు ఆమె చెబుతుండగా వాద్దియారు వచ్చాడు. తమలపాకు నములుతూ బండ పక్కన నిలబడి మా ఇద్దరినీ చూశాడు.

‘‘ఏమి జరుగుతా ఉండాది ఈడ?’’

‘‘కాళ్ళు ఇప్పలేదు వాద్దియారే. మీ మాట తప్పలేదు’’ అన్నాను తొక్కుతూ.

ఆయన నా కాళ్ళ వైపు చూశాడు. ‘‘వకీలు అయ్యుంటే బాగుపడేవాడివి’’ అని వెళ్ళిపోయాడు. కోపమో కాదో తెలియలేదు.

ఆడి పద్దెనిమిది వచ్చింది. హొగేనక్కల్ జలపాతం దగ్గర కాలు పెట్టడానికి చోటు లేదు. కావేరిలో మునిగి తడిబట్టలతో వచ్చే ఆడవాళ్ళు, నూనె గిన్నెలు పట్టుకుని ‘మాలీషు, మాలీషు’ అని వెంటపడే మనుషులు, చేపలు వేగే వాసన, పుట్టిలో ఎక్కమని పిలిచే పడవవాళ్ళు. ఎండకు రాయి కాలుతోంది. ఆ రాతి మీద కొయ్యకాళ్ళు టకటకమంటే, పళ్ళు కొరికినట్టు ఒళ్ళంతా జివ్వుమంటుంది. బావమరిది తాళాలు పట్టుకుని ఒక పక్క నిలబడ్డాడు. రెండో సుట్టుకు తయారుగా పిక్కలకు పేలికలు కూడా చుట్టుకున్నాడు. నా గుర్రం వైపు బావిలోకి తొంగి చూసినట్టు చూస్తున్నాడు.

వాద్దియారు తవిల్ ఎత్తుకున్నాడు. బయల్దేరాం. జనం వలయం కట్టారు. ముందు వరసలో ఎవరో గుర్తుపట్టి అరిచాడు.

‘‘ఏయ్ రాజా! గుర్రం సకిలించదా?’’

సకిలింపు గొంతుదాకా వచ్చింది. పక్కనే ఒకాయన, నున్నగా గుండు చేయించుకుని చందనం పూసుకుని నిలబడ్డాడు. దేవుడు నా కోసమే పంపినట్టున్నాడు. ఆ గుండు మీద కనీసం అయిదారు మాటలు నా నోట్లో వరసగా నిలబడి తోసుకుంటున్నాయి. నేను ఏమీ చెయ్యకుండానే, నా పాత ఆటలు గుర్తొచ్చి కాబోలు, ఒక మూల నవ్వు పుట్టింది. కుడి తొడ బిగుసుకుంది.

తొక్కాను. ఉన్నచోటనే, చిన్న అడుగుతో, తవిల్ వింటూ తొక్కాను. నవ్వు ఆధారం దొరక్క చల్లారిపోయింది. అంతమంది మనుషుల మధ్య నిశ్శబ్దం వచ్చింది. నా జీవితమంతా నేను పారిపోతూ వచ్చింది ఆ నిశ్శబ్దం నుంచే. బడిలో సారు ప్రశ్న అడిగాక వచ్చే నిశ్శబ్దం అది. ఈసారి అందులోనే నిలబడి తొక్కాను.

కుడిపక్క గాలి కదిలింది. ఆమె తిరుగుతోంది. చూడలేను, మెడ తిరగదు. రాతి మీద ఆమె కొయ్యకాళ్ళ చప్పుడు నా పక్క నుంచి వెనక్కి పోయి, వెనక నుంచి చుట్టుకుని, తెగకుండా, మళ్ళీ నా పక్కకు వచ్చింది. ఆమె గుర్రం జరీ అంచు నా చేతిని తాకి వెళ్ళింది. ఆమె చేరిన చోటే తవిల్ దెబ్బ పడింది. ఆ దెబ్బ అలా పడాలని వాద్దియారు ఎన్నేళ్ళు ఎదురు చూశాడో, దాని వెనక ఇంకో రెండు దెబ్బలు ఊరికే వేశాడు.

చప్పట్లు ఆకాశాన్ని అంటాయని రాస్తే బాగుండేదేమో గానీ, అలాంటిదేమీ జరగలేదు. సగం జనం చేపల వైపు వెళ్ళిపోయారు. సకిలించమన్నవాడు ‘గుర్రానికి ముసలితనం వచ్చింది’ అని వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు కదలకుండా చూశారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, తడి జుట్టుతో, చేతిలో పసుపుతాళ్ళతో. వాళ్ళు నన్ను చూడటం లేదని గుర్రంలో ఉన్న నాక్కూడా తెలుస్తోంది. కొంచెం నొచ్చుకున్నాను. కొంచెం బరువు దిగింది కూడా.

సుట్టు అయిపోయింది. వ్యాను పక్క నీడలోకి వచ్చాం. కాళ్ళు మండుతున్నాయి. గుర్రం దించి, వ్యాను మీద చెయ్యి ఆనించి, పేలిక ముడి కోసం వంగాను.

‘‘ఉండు. ఇప్పొద్దు’’ అన్నాడు వాద్దియారు.

తవిల్ కింద పెట్టి మెల్లగా వచ్చాడు. నా చేతికి తాళాలు ఇస్తాడేమోనని బావమరిది వైపు చూశాను. బావమరిది వాటిని ఇచ్చెయ్యబోయాడు. వాద్దియారు ఆ చెయ్యిని వెనక్కి తోసేశాడు.

‘‘నీ దగ్గరే పెట్టుకో. రెండో సుట్టుకి నువ్వే తాళం.’’

‘‘బతికినాను బావా’’ అని బావమరిది అక్కడే కూలబడి పిక్కల పేలికలు విప్పడం మొదలుపెట్టాడు.

వాద్దియారు నా వైపు తిరిగాడు. ‘‘నువ్వు తొక్కుతా ఉండు. కాళ్ళు కట్టి ఉండేటప్పుడే ఒక మాట చెప్తాను. మలుపులో తవిల్‌కి ముందరే పోయినావు. రెండో సుట్టులో పోవద్దు.’’ ఆయన మేళం పెట్టిన నాటి నుంచి ఆట గురించి, ఆట అయ్యాక, ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. మా ఆవిడ వైపు చూశాడు. ‘‘నువ్వు ఏమన్నా చెప్పేది ఉంటే చెప్పు అమ్మా’’ అని నీళ్ళు తాగడానికి వెళ్ళిపోయాడు.

ఆమె అప్పటికే గుర్రం దించేసి, కొయ్యకాళ్ళు విప్పేసి, రాతి మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంటోంది. నిదానంగా, అంత తొందరేమీ లేనట్టు మొదలుపెట్టింది. మొదటి మలుపు, రెండో మలుపు, భుజం, మెడ, నేను కిరీటం సర్దుకునే తీరు. నేను కుడీ ఎడమా తొక్కుతున్నాను. పిక్కలు రాళ్ళయ్యాయి. ఆమె మాటలు ఆ రోజు సంగతులు దాటి నిరుటి తిరునాళ్ళ వైపు బయల్దేరాయి.

‘‘ఏమే, ప్రాణం పోతా ఉండాది. కాళ్ళు ఇప్పి, కూర్చుని వింటాను, ఇప్పనియ్యవే’’ అన్నాను.

‘‘నువ్వు ఇప్పితే నా నోరు కట్టేస్తారు. ఇన్నేండ్ల మాట ఉండాది నా దగ్గర. తొక్కుతా ఉండు’’ అంది.